‘రేపు’ అనగా ఎప్పుడు?

కొంతకాలము క్రిందట ఒక యువరచయిత తాను వ్రాసిన శ్రవ్యనాటికను మాకు చూపుటకు తెచ్చెను. కథ మన భూమిపై జరుగునది కాదు. ఎక్కడనో దూరమున వేరొక సూర్యుని చుట్టును తిరుగుచున్న లోకమొకటి. అచ్చట సూర్యుడు ఉదయించి, అస్తమించి, మరల ఉదయించుటకు మన లెక్కలో 10 దినములు పట్టును. 5 దినములు ఎడతెగని వెలుగు. 5 దినములు ఎడతెగని చీకటి. భూమినుండి తరలిపోయిన తెలుగువారు కొందరు అచ్చట ఇండ్లు కట్టుకొని, పైరు పెట్టుకొని కాపురములు చేయుచున్నారు. నాటిక మొదటి పుటలోనే తల్లికి జబ్బు చేసినది. అన్న పొరుగూరినుండి మందు తెచ్చుటకై బయలుదేరుచున్నాడు. రాత్రి పడినచో దారి మంచుతో మూసికొనిపోవును. చెల్లెలు గడపలో నిలిచి, “అన్నయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తావు?” అని అడిగినది. “రేపు వచ్చేస్తానమ్మా” అనెను అన్న.

మేము అచ్చటనే ఆగితిమి. ఆ లోకమున ‘రేపు’ అనగా ఎప్పుడు? సూర్యుడు మరల ఉదయించిన పిమ్మటనా? అట్లయినచో దీర్ఘరాత్రి యంతయు గడవవలెను. అప్పటికి తల్లి బ్రదికియుండునో లేదో. ఒక నిద్ర తీసి లేచిన పిమ్మటనా? లేక చేతిగడియారములో 24 గంటలు తిరిగిన పిమ్మటనా? ఒక్కొక్క అర్థమునకు ఒక్కొక్క కథ యగుచున్నది. రచయిత ఏదియు చెప్పలేకపోయెను. అతడు ఆ లోకపు కొండలకు, వాగులకు, పక్షులకు ఓపికగా పేర్లు పెట్టినాడు. కాలమునకు మాత్రము మన యింటి మాటలనే మూటగట్టుకొని పోయినాడు. ఆనాడు అతనితో మేము చెప్పిన సంగతులనే కొంత విస్తరించి నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మనము ‘రోజు’ అను నొక్క మాటచేత మూడు పనులు చేయించుకొనుచున్నాము. ఆ మాట మూడు పోగులు పేనిన త్రాడు వంటిది. మొదటి పోగు సూర్యునిది. ‘పొద్దు’ అను మన మాటకు సూర్యుడనియు, సూర్యుడున్న వేళయనియు, ఊరక కాలమనియు అర్థములు కలవు. పొద్దు పొడుచును, పొద్దెక్కును, పొద్దు వాలును, పొద్దు గుంకును. బారెడు పొద్దెక్కినదని రైతు అన్నపుడు ఆకాశమును చేతితో కొలుచుచున్నాడన్నమాట.

రెండవ పోగు శరీరముది. ఆకలియు, నిద్రయు దీనికి కొలతలు. ‘పూట’ అను మాట చూడుడు. అందు సూర్యుని ప్రసక్తికంటె అన్నము ప్రసక్తియే హెచ్చు. పూట గడచుట యనగా ఆ వేళకు కడుపు నిండుట. పూటకూళ్ళను మాటయు అట్టిదే. చుట్టముల యింట “మూడు నిద్రలు చేసి వచ్చితిమి” అందుము. అచ్చట నిద్రయే లెక్కకు ప్రమాణము.

మూడవ పోగు పనిముట్టుది. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై విడిచినచో, అది నిండి మునుగుటకు పట్టు కాలము గడియ. నేటి లెక్కలో 24 నిమిషములు. 60 గడియలు ఒక అహోరాత్రము. ఆ గడియనుండియే మన గడియారము పేరు వచ్చినది. ‘గంట’యు కొట్టు గంటనుబట్టి వచ్చిన పేరే.

మన భూమిపై ఈ మూడు పోగులును చక్కగా కలిసిపోయినవి. సూర్యుడు ఒక చుట్టు తిరిగి వచ్చునప్పటికి మనము ఒకమారు నిద్రించి లేతుము. గడియారమును తన చుట్లు ముగించును. అందుచేత ఎన్ని పోగులున్నవో మనకు కానరాదు. దినము దీర్ఘమైన లోకమునకు పోయినపుడు ఈ త్రాడు విప్పుకొనును. సూర్యుడొక దారి, శరీరమొక దారి, గడియారమొక దారి. కాబట్టి అట్టి లోకమునకు మాటలు కల్పింపబూనినవాడు మొట్టమొదట చేయవలసినది కొత్త శబ్దములను వెదకుట కాదు. ఏ మాట ఏ పోగును పట్టుకొని వ్రేలాడుచున్నదో తెలిసికొనుట.

‘రేపు’ అను మాటయే మంచి యుదాహరణము. ప్రాత తెలుగులో దానికి ప్రాతఃకాలమని అర్థము. రేపకడ యనగా తెల్లవారుజాము. రేపుమాపు లనగా ఉదయసాయంకాలములు. రాబోవు ఉదయము అను భావమునుండి మరునాడను అర్థము స్థిరపడినది. జర్మనుల ‘మోర్గెన్’ అను మాటయు ఇట్లే ఉదయమునకు, మరునాటికి కూడ చెల్లుచున్నది. అనగా రేపు అను మాట పుట్టుకచేత సూర్యుని పోగునకు చెందినది. వాడుకలో శరీరపు పోగునకును చెందినది. అంగడివాడు “అరువు రేపు” అని పలకపై వ్రాసి పెట్టినచో మనము నవ్వుకొందుము. దీర్ఘదినలోకమున ఆ పలక చదివినవాడు నవ్వుటకు ముందు ఏ రేపు అని అడుగవలసియుండును.

ఇది కేవలము కథకుల వినోదమని తలంపరాదు. దీర్ఘదినములు గల లోకములు మన సూర్యకుటుంబముననే కలవు. బుధునిపై ఒక సూర్యోదయమునుండి మరొక సూర్యోదయమునకు మన లెక్కలో 176 దినములు పట్టును. బుధుడు సూర్యుని చుట్టివచ్చుటకు 88 దినములే చాలును. కావున అచ్చట రెండు సంవత్సరములు గడచిననే గాని ఒక దినము గడవదు. శుక్రునిపై అట్టి దినము సుమారు 117 దినములు. అదియును సూర్యుడు పడమట పొడిచి తూర్పున గుంకునట్టిది. ఇక అందరికిని పరిచితమైన చంద్రునిపై ఒక సూర్యోదయమునుండి మరొక సూర్యోదయమునకు సుమారు 29½ దినములు.

ఈ చంద్రుని దినము మన వార్తలలోనికే వచ్చినది. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 యొక్క విక్రమ్ చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. అచ్చట తెల్లవారిన వేళ చూచి దానిని దింపిరి. సూర్యకాంతియే దానికి బలము. సెప్టెంబరు మొదటి దినములలో, చీకటి పడకముందే, ప్రజ్ఞాన్‌ను, విక్రమ్‌ను నిద్రపుచ్చిరి. సెప్టెంబరు 22వ తేదీన మేల్కొలుప ప్రయత్నించిరి గాని బదులు రాలేదు. ఆ దినములలో తరచుగా వినవచ్చిన వాక్యమొకటి యున్నది: చంద్రునిపై ఒక రోజు భూమిపై 14 రోజులకు సమానమని. చంద్రుని రోజు 14 దినములు కాదు, సుమారు 29½. పదునాలుగు చిల్లర దినములు అచ్చటి పగలు మాత్రమే. ఇంగ్లీషున పగటికిని, పగలు రేయి కలిసిన పూర్ణదినమునకును ఒకే మాట యుండుటచే కలిగిన చిక్కిది. తెలుగున ‘పగలు’ అను నిక్కమైన మాట యుండగా ఆ చిక్కును మనము అరువు తెచ్చుకొన నక్కరలేదు. చంద్రునిపై ఒక పగలు మనకు సుమారు రెండు వారములు అని చెప్పినచో ఒక్క మాటతో సంగతి తేటపడెడిది.

మన పూర్వులు ఈ భేదమును బాగుగ నెరిగియుండిరి. పితృదేవతలకు మనుష్యుల మాసము ఒక అహోరాత్రమనియు, దేవతలకు సంవత్సరము ఒక అహోరాత్రమనియు అమరకోశమున కాలవర్గము చెప్పుచున్నది. ఇది పురాణగాథగా తోచవచ్చును. కాని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు దీనికి స్థానమును చూపిరి. దేవతలుండు మేరువు ఉత్తరధ్రువము. అచ్చట ఆరు మాసములు పగలు, ఆరు మాసములు రాత్రి. పితరులు చంద్రుని పైభాగమున, అనగా మనకు కానరాని వైపున, వసింతురు. అమావాస్యనాడు సూర్యుడు వారి నడినెత్తిన నుండును. కావున మన అమావాస్య వారికి మధ్యాహ్నము, మన పూర్ణిమ వారికి అర్ధరాత్రము. 12వ శతాబ్దమున భాస్కరాచార్యులు సిద్ధాంతశిరోమణిలో ఈ సంగతిని వివరించియున్నారు. నేటి ఖగోళశాస్త్రము కూడ చంద్రుని ఆవలి వైపు నడుమ నిలిచినవానికి ఇట్లే జరుగునని చెప్పును.

ఇందు మాటలు కల్పించువారికి ఒక పాఠము కలదు. పూర్వులు పెద్ద దినమునకు క్రొత్త శబ్దము పుట్టింపలేదు; ఒంటిగా ‘దినము’ అని వదలిపెట్టనును లేదు. పైత్రము, దైవము, మానుషము అని ఎవరి దినమో ముందు చెప్పిరి. మరియొక హెచ్చరికయు నున్నది. చంద్రునిపై దినమును ‘చాంద్రదినము’ అందమని ఎవరికైన తోచవచ్చును. పంచాంగమున చాంద్రదిన మనగా తిథి. చాంద్రమాసమున ముప్పదియవ భాగము. ఉన్న మాటపై క్రొత్త అర్థమును వేసినచో, పంచాంగము చూచువాడు ఒకటి, ఆకాశము చూచువాడు ఒకటి గ్రహింతురు. మాట కల్పించుటకు ముందు అది వేరొకరి యింట కాపురమున్నదేమో విచారింపవలెను.

అంగారకుని కథ ఇంకొక తీరు. అచ్చటి దినము మనకంటె కొంచెమే హెచ్చు: 24 గంటల 39 నిమిషముల 35 సెకనులు. 1976లో వైకింగ్ నౌకలు దిగినపుడే అచ్చటి దినమును ‘సోల్’ అని పిలిచిరి. లాటిను భాషలో సూర్యుడని అర్థము. 2004లో స్పిరిట్, ఆపర్ట్యూనిటీ అను శకటములు దిగినపుడు, వానిని కాలిఫోర్నియానుండి నడపినవారు కొంతకాలము అంగారకుని గడియారము ప్రకారమే కొలువు చేసిరి. నేడు ఉదయము 8 గంటలకు పనికి వచ్చినవారు రేపు సుమారు 8 గంటల 40 నిమిషములకు, ఎల్లుండి 9 గంటల 20 నిమిషములకు రావలెను. కొన్ని వారములకు నడిరేయి పని, మరి కొన్ని వారములకు మరల ఉదయపు పని. ఇంటిలో బిడ్డలు బడికి పోవు కాలమొకటి, తండ్రి నిద్రించు కాలమొకటి. వీరికి మంగళవారము అను మాటతో పని జరుగలేదు. ‘నిన్న’ అన్నచో భూమి నిన్నయా, అంగారకుని నిన్నయా యను సందేహము కలిగెడిది. అందుచే ‘నిన్నటి సోల్’, ‘నేటి సోల్’ అను అర్థమున యెస్టర్‌సోల్, టుసోల్ అను మాటలు వారి నోట పుట్టినవి. పండితసభ కూర్చుండి చేసిన మాటలు కావవి. పని గడువక పుట్టినవి. దినమునకు పేరు పెట్టిన వెంటనే అవసరమైనవి గంటలు, నిమిషములు కావు, నిన్నయు, రేపును. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము.

భూమిని విడిచి పోనక్కరలేకయే దీర్ఘదినమును చూడవచ్చును. రష్యాలో ఉత్తరధ్రువవృత్తమునకు ఆవల ముర్మాన్స్క్ నగరము కలదు. అచ్చట డిసెంబరు మొదలు జనవరి రెండవ వారము వరకు సుమారు 40 దినములు సూర్యుడు పొడచూపడు. వేసవిలో అంతకంటె హెచ్చుకాలము గుంకడు. రష్యనులకు ‘సూత్కి’ యను మాట కలదు. వెలుగుతోను చీకటితోను పనిలేక 24 గంటల కాలమును మాత్రము అది చెప్పును. ఫిన్నులు ‘వూరొకౌసి’ అందురు. సూర్యుడు రాని ఋతువునకు వారు ‘కామోస్’ అని వేరు పేరు పెట్టుకొనిరి. మనకు అహోరాత్రమను మాట యున్నదిగాని అది గ్రంథములకు, పంచాంగమునకు పరిమితమైనది. కూరగాయల బేరములో దాని యవసరము రాలేదు. అవసరము వచ్చినచోట మాట వీథిలోనికి వచ్చును.

మాటలోని సందేహము బ్రదుకులోనికి వచ్చుటకు ఉపవాసములే సాక్ష్యము. రంజాను మాసమున సూర్యోదయమునకు ముందునుండి సూర్యాస్తమయము వరకు ఉపవాసముండవలెను. సూర్యుడు గుంకని ఉత్తరదేశములలో ముస్లిములు ఏమి చేయుదురు? అట్టిచోట్ల మక్కా వేళలను గాని, పగలు రేయి యేర్పడు సమీప నగరపు వేళలను గాని అనుసరింప వచ్చునని ధర్మవేత్తలు చెప్పిరి. సూర్యుని పోగు తెగినచోట శరీరమునకు తాళగలిగిన మరొక ప్రమాణమును తెచ్చిరన్నమాట. మన యిండ్లలో పెద్దలు ‘ఒక్కపొద్దు’ ఉందురు. పొద్దునకు ఒక్కమారే భోజనము. మా యువరచయిత లోకమున ఆ మాటను అక్షరాల పాటించినచో 10 దినములకు ఒక్క భోజనము! దినకూలి, దినవడ్డి, దినము తప్పక వేయవలసిన మందు—ఇవి యన్నియు అట్టివే. ఆ లోకమున ఆసామి సూర్యుని లెక్కను కూలి ఇచ్చి, షాహుకారు గడియారపు లెక్కను వడ్డి పట్టినచో, కూలివాని కొంప ఒక్క మాటతో మునిగిపోవును. కథకుడు ఈ సంగతి నెరిగినచో అతనికి కథలకు కొదువయుండదు.

ఇక శరీరము సంగతి. పది దినముల సూర్యునికి అలవాటుపడి మనుష్యుడు ఐదు దినములు మేల్కొని, ఐదు దినములు నిద్రింప జాలడా యని యువకుడు అడిగెను. జాలడు. 1938లో నథానియేల్ క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు తన శిష్యునితో అమెరికాలోని మామత్ గుహలో 32 దినములు గడపెను. వెలుగురాని యా చోట 28 గంటల దినమును పాటింప బూనిరి. పిన్నవాడైన శిష్యుడు అలవాటుపడెను; గురువు శరీరము లొంగలేదు. 4 గంటలు పెంచినందులకే యింత పెనుగులాట. 1962లో మిషెల్ సిఫ్ర్ అను ఫ్రెంచివాడు గడియారము లేక రెండు మాసములు గుహలో నుండెను. పైకి రమ్మని పిలుపు వచ్చినప్పటికి అతని లెక్కలో ఇంకను మూడు వారములకు పైగా మిగిలియుండెను. అయినను అతని నిద్ర, మెలకువ మాత్రము 24 గంటలకు కొంచెము మించిన చుట్లుగానే సాగినవి. లెక్క తప్పినను ఒడలు తప్పలేదు. కాబట్టి భూమినుండి పోయినవారు సూర్యుడెంత తడవుండినను తమ ఒడలి చొప్పుననే నిద్రింతురు. ఆ లోకముననే పుట్టిన ప్రాణుల సంగతి వేరు. వాని కథ వ్రాయునపుడు వాని యొడలి చొప్పు ముందు నిర్ణయించి, పిమ్మట మాటలు కట్టవలెను.

పెద్ద రచయితలు ఈ చిక్కును ఎట్లు దాటిరో కొంచెము చూతము. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 1992లో వెలువరించిన ‘రెడ్ మార్స్’ నవలలో అంగారకునిపై గడియారములు అర్ధరాత్రమున 12 గంటలకు నిలిచిపోవును. మిగిలిన 39 నిమిషములు చిల్లర లెక్కకురాని కాలము. పిమ్మట గడియారము మరల కదలును. ప్రాత గంటలు, ప్రాత నిమిషములు చెడలేదు. పైగా పేరులేని యా నడిరేయికి ఒక మహిమ వచ్చినది. హెచ్చు స్వల్పమైనచోట ఈ యుపాయము చాలును. 10 దినములు హెచ్చైనచోట చాలదు. వెర్నర్ వింజ్ 1999 నాటి ‘ఎ డీప్‌నెస్ ఇన్ ది స్కై’ నవలలో నక్షత్రముల నడుమ తిరుగు వర్తకులకు దినములే లేవు, సెకనులే లెక్క. వెయ్యి సెకనులు మనకు సుమారు 17 నిమిషములు. పదిలక్షల సెకనులు సుమారు 11½ దినములు. ఏ సూర్యునికిని కట్టుబడని వర్తకులకు ఆ లెక్క తగియున్నది. పొలము దున్నుకొను కాపువానికి తగదు.

కేవలము అంకెలతో చేసిన కాలము జనుల నోట నిలువదనుటకు చరిత్రలోను నిదర్శనము కలదు. ఫ్రెంచి విప్లవకాలమున 1793లో దినమును 10 గంటలుగను, గంటను 100 నిమిషములుగను విభజించి శాసనము చేసిరి. లెక్కకు అది సులువే. కాని ‘గంట’ యను ప్రాత పేరే క్రొత్త కొలతకు పెట్టిరి. ఆ గంట మన లెక్కలో 2 గంటల 24 నిమిషములు. ఎవడైన ఒక గంటలో వత్తుననినచో ఏ గంటయని అడుగవలసివచ్చెను. ఇంటింట నున్న గడియారములును వ్యర్థమయ్యెను. 1795 ఏప్రిలులోనే ఆ నిర్బంధమును తొలగించిరి. ప్రాత పేరును క్రొత్త కొలతకు అతికించుట ఎంత చిక్కో దీనినిబట్టి తెలియుచున్నది.

ఇన్ని సంగతులు తలపోసి, మేమును ఆ యువకుడును కలిసి అతని లోకమునకు మాటలు కూర్చుకొంటిమి. క్రొత్త శబ్దమొక్కటియు పుట్టింపలేదు. ఉన్న మాటలకు పోగులు పంచియిచ్చితిమి. సూర్యుని పూర్తి చుట్టునకు ‘పొద్దు’ అని పేరు. ఒక పొద్దునకు మన 240 గంటలు. మేల్కొనియున్న కాలము ‘పూట’. ఒక పూటకు మరొక పూటకు నడుమ ‘నిద్ర’. లెక్కించునపుడు నిద్రలనే లెక్కింతురు. ఒక పొద్దునకు 10 నిద్రలు. పగటికి 5, రాత్రికి 5. ‘గడియ’ను వారు భూమినుండి తెచ్చుకొన్నట్లే యుంచితిమి, నిద్రకు నిద్రకు 60 గడియలు, పొద్దునకు 600 గడియలు. జామును మాత్రము విడిచిపెట్టితిమి. దినమున ఎనిమిదవ భాగము జామని లెక్కించినచో అచ్చట ఒక జాము 30 గంటలగును. కావలివాడు ఒక జాము మేల్కొనియుండలేడు. పని చేయలేని మాటను బలవంతముగ మోయుట ఎందులకు?

పగటిలోని ఐదు పూటలకు పేర్లు సూర్యుని నడకనుబట్టి వచ్చినవి: పొడుపు పూట, ఎక్కుడు పూట, మిట్ట పూట, వాలు పూట, మాపటి పూట. రాత్రి పూటలకు సూర్యుడు లేడు. చలియు, దీపమును, పనియు పేర్లిచ్చినవి. మొదటిది దీపాల పూట. రెండవది నూలు పూట. ఇంట కూర్చుండి వడకు వేళ. మూడవది నడిచీకటి. నాలుగవది మంచు పూట. వెలుగు పోయి చాలకాలమైనందున చలి ముదురును. ఐదవది ఎదురు పూట. అందరును తూర్పునకు ఎదురుచూచు పూట. పది నిద్రల కొకమారు తెల్లవారునపుడు అది సాధారణమైన ఉదయము కాదు, పండుగ. ఆ లోకమున ‘శుభోదయము’ అని ప్రతి పూటయు పలుకుకొనరు. పలికిన నాడు ఇల్లలికి ముగ్గు పెట్టుకొందురు.

‘రేపు’ను నిద్రకు కట్టితిమి, ‘నిన్న’, ‘మొన్న’, ‘ఎల్లుండి’ కూడ అంతే. సూర్యుని చుట్టును చెప్పవలసినపుడు ‘మరుపొద్దు’, ‘గడచిన పొద్దు’. కూలి నిద్రకింత, కౌలు పొద్దునకింత. పదియేండ్ల పిల్లకు వయస్సు 365 పొద్దులు. సామెతలును రంగు మార్చుకొన్నవి. మనము విసుగు పుట్టినపుడు “పొద్దు పోవుట లేదు” అందుము. వారికది విసుగు కాదు, కంటికి కనబడు నిజము. “రాత్రికి రాత్రే ఇల్లు కట్టినాడు” అనినచో మనకు అతిశయోక్తి. వారికి మంచి మేస్త్రీ యని అర్థము.

ఇట్టి మాటలు కూర్చుకొన్న పిమ్మట అన్నింటిని నాటికలో కుమ్మరింపవలెనని ఉబలాటము పుట్టును. అది తగదు. పుస్తకము చదువువాడు తెలియనిచో పుట వెనుకకు త్రిప్పును. రేడియో వినువానికి ఆ వీలు లేదు. అర్ధగంట నాటికలో క్రొత్తవాడుక గల మాటలు మూడు నాలుగు మించరాదు. వానినైన పాత్రలు వ్యాఖ్యానింపరాదు. తమ లోకపు మాటకు తామే అర్థము చెప్పుకొనువారెవరు? మాట ప్రక్కన పని యుండవలెను. “దీపాల పూటయింది, చమురు పోయవే” అని అవ్వ అనినచో శ్రోతకు నిఘంటువు అక్కరలేదు.

ఒక నెల గడిచిన పిమ్మట యువకుడు నాటికను తిరుగవ్రాసి తెచ్చెను. అన్న మిట్ట పూటలో బయలుదేరుచున్నాడు. చెల్లెలు గడపలో నిలిచి మునుపటివలెనే అడిగినది. ఈమారు అన్న బదులిది: “రెండు నిద్రలు చేసి లేచేసరికి వచ్చేస్తానమ్మా. పొద్దు గుంకకముందే మన గడపలో ఉంటాను.” శరీరపు లెక్కయు, సూర్యుని లెక్కయు రెండును ఆ మాటలలోనున్నవి; దారి మూసికొనిపోకముందే వచ్చునన్న హామీయు నున్నది.

పిదప రంగమును చదివి మేము చాలసేపు మాటలాడలేదు. మొదటి నిద్రకాలమున తల్లి మూలుగు వినుచు ఆ పిల్ల నిద్రింపలేకపోయినది. రెండవ నిద్రయు రాలేదు. నిద్ర రానిదానికి నిద్రల లెక్క ఎట్లు సాగును? వెలుగు చూతమన్న కిటికీలో ఎండ కదలుచున్నదో లేదో తెలియదు. అప్పుడా పిల్ల తాతగారు భూమినుండి తెచ్చిన గడియారమును తీసి ఒడిలో పెట్టుకొని, గడియ గడియకు గోడపై బొగ్గుతో ఒక గీత గీయుచు కూర్చుండినది. మేము చెప్పని మూడవ పోగును అతడు తనంతట తానే తెచ్చుకొన్నాడు. నూటపదియవ గీత గీయుచుండగా తలుపు చప్పుడైనది.